మామయ్య ఇచ్చిన 2012 పెట్రోల్ కారు – రోడ్డెక్కించే ముందు ఏమేం చూడాలి?

కొత్తస్టీరింగ్ (గోపాలపట్నం):
అందరికీ నమస్తే. నాకు 22, లైసెన్స్ వచ్చి ఏడాది దాటింది కానీ చేతికి సొంతంగా కారు రావడం ఇదే మొదలు. మా మామయ్య హైదరాబాద్ షిఫ్ట్ అయిపోతూ తన 2012 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నాకిచ్చేశారు, ఏపీ31 బండి, 46 వేలే తిరిగింది, పెద్ద వాల్తేరులో అపార్ట్‌మెంట్ ముందు కవర్ కప్పి ఉంచి ఎప్పుడో ఆదివారాలు తీసేవారు అంతే. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, ఏసీ చల్లగానే వస్తోంది, టైర్లయితే బటన్ (నేలకి ఆనే గాడుల రబ్బరు) నిండుగా కొత్తవాటిలాగే ఉన్నాయి. ఆఫీసు రుషికొండలో, రోజూ సింహాచలం, అడవివరం, హనుమంతవాక మీదుగా వెళ్దామని ప్లాన్.

సీట్ కవర్లు, ఆండ్రాయిడ్ స్టీరియో, బ్లాక్ ఫిల్మ్, ఫాగ్ లైట్లు వేయిద్దామని కొంత డబ్బు పక్కన పెట్టా. వచ్చే ఆదివారం ఫ్రెండ్స్‌తో అరకు కూడా అనుకున్నాం. డౌట్లేంటంటే, మన కార్లకి ఏడాదికోసారి ఫిట్‌నెస్ లాంటిదేమైనా చేయించాలా? ఇంకోటి, పక్కింటి అంకుల్ 15 ఏళ్ళు నిండితే గవర్నమెంటే పట్టుకెళ్ళి స్క్రాప్ చేసేస్తుంది నీకెందుకురా ఈ బండి అంటున్నారు, నిజమేనా? ఇవి కాకుండా ఇంకేమైనా చూడాలంటే చెప్పండి, ఏదీ తెలీదు అనుకునే చెప్పండి.

ఎన్‌ఏడీ_నాయుడు:
కంగ్రాట్స్ తమ్ముడూ. ముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజ చేయించీ, నాలుగు నిమ్మకాయలు తొక్కించీ, తర్వాత మిగతావి. స్వీట్లు మర్చిపోకు.

ఆటోనగర్_అన్న:
తమ్ముడూ, తిరగని బండి కదా అని బాగున్న బండి అనీసుకోకు. రోజూ తిరిగే బండికి ఏటి పోయిందో తోలేవాడికి తెలిసిపోతది, నిలబెట్టీసిన బండికి రబ్బరు, బ్రేకులు, బ్యాటరీ చెప్పకుండా పోతాయి. అదీ సముద్రం గాలికి ఉన్నాదంటన్నావు.

నీ మొదటి డౌటుకి జవాబు. పసుపు బోర్డు బళ్ళకి ఫిట్‌నెస్ ఉంటది, కొత్తది అయితే ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. మన తెల్ల బోర్డు సొంత కారుకి అలాంటిది లేదు, రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి 15 ఏళ్ళ దాకా బ్రేక్ ఇన్‌స్పెక్టరు దాని మొహం చూడడు. బ్రేకులు లేకపోయినా, టైర్లు గుండైపోయినా అడిగేవాడు లేడు, మహా అయితే పొల్యూషన్ కాయితం, ఇన్సూరెన్స్ కాయితం అడుగుతారు, పొల్యూషన్ వాడు పొగ చూస్తాడు గాని బ్రేకు చూడడు. అంచేత నీ బండికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌వి నువ్వే. స్టీరియో సంగతి తర్వాత.

ఇప్పుడు కిందకి దిగి ఒక్క పని చెయ్యి. టైరు పక్క గోడ మీద డీఓటీ అని ఉంటది, ఆ లైను చివర్న చిన్న గడిలో నాలుగంకెలుంటాయి, అవి ఇక్కడ పెట్టు. బయటి వైపు కనపడకపోతే లోపలి వైపుంటాయి, ఫోను టార్చి వేసీ చూడు. స్టెప్నీది కూడా.

పాలసీ_బాబాయ్:
రెండో డౌట్ నేను తీరుస్తా. మీ పక్కింటాయన ఢిల్లీ వార్తలు చూసినట్టున్నారు. పెట్రోల్‌కి 15, డీజిల్‌కి 10 ఏళ్ళు అన్న గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది, విశాఖపట్నానికి కాదు. ఇక్కడ 15 ఏళ్ళు నిండేలోపు ఆర్టీవో ఆఫీసులో బండి చూపించి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో 5 ఏళ్ళు ఇస్తారు, అయిపోయాక మళ్ళీ 5. కారుకి ఆ రెన్యువల్ ఫీజు ఒకప్పుడు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5000 చేశారు. గడువు దాటిస్తే నెలకి 500 చొప్పున ఎక్కుతూ పోతుంది, దానికి తోడు గ్రీన్ ట్యాక్స్. 20 ఏళ్ళు దాటిన కార్లకైతే 2025లో 10000 చేశారు. కాబట్టి సీ బుక్కు తీసి వ్యాలిడిటీ తేదీ చూసుకో, 2012 బండి అంటే 2027లో నీకు ఆ పని ఉంది.

అసలు ప్రశ్న నువ్వు అడగలేదు. బండి ఎవరి పేరు మీద ఉంది?

కొత్తస్టీరింగ్:
మామయ్య పేరు మీదే ఉంది బాబాయ్, ఇంట్లో బండే కదా అని మార్చలేదు. ఇన్సూరెన్స్ ఇంకా నాలుగు నెలలు ఉంది, అది కూడా మామయ్యదే.

ఉక్కునగరం_పెద్దాయన:
బాబూ, పెద్ద వాల్తేరులో ఆరుబయట అంటే నేను మొదట తుప్పే చూస్తాను. మా వాళ్ళ కార్లు బీచ్ రోడ్డు వైపు ఉన్నవి, ఇటు కూర్మన్నపాలెం వైపు ఉన్నవి ఒకే ఏడాది కొన్నవి పక్కపక్కన పెడితే తేడా కళ్ళకి కడుతుంది. పైన పాలిష్ మెరుస్తుంది, దాన్ని నమ్మకండి. నాలుగు డోర్లూ తెరిచి కింది అంచు వేలితో తడమండి, అక్కడ నీళ్ళు కారిపోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి, మట్టి, ఆకులు పడి మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి డోరు లోపలి నుంచి కుళ్ళిపోతుంది, బయటికి పెయింట్ పొంగినట్టు కనపడేసరికి ఆలస్యం అయిపోయినట్టే. సన్నటి పుల్లతో ఆ కన్నాలు శుభ్రం చేయండి. తర్వాత డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీసి ఆ గొయ్యి చూడండి. చక్రాల పైన లోపలి వంపులు, జాకీ ఎత్తే చోట ఉండే రేకు, ఇవి కూడా.

ఇంకోటి ఎవరూ అడగనిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ బండి వైజాగ్‌లోనే ఉందా అని మీ మామయ్యని అడగండి. అప్పుడు వాల్తేరు వైపు చెట్లు ఎన్ని కూలాయో లెక్కలేదు, టాపు నొక్కుకుపోయి టింకరింగ్ చేయించి రంగేసిన బళ్ళు ఇప్పటికీ తిరుగుతున్నాయి. కంపెనీ పెయింటు పోయి పుట్టీ పెట్టిన చోట తుప్పు తొందరగా లేస్తుంది. చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి రేకు మీద ఆనించండి, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టదు.

కంచరపాలెం_కిట్టు:
అన్నీ భయపెట్టేస్తున్నారేటి పాపం. అండర్‌బాడీ కోటింగ్ కొట్టించెయ్ బ్రో, తుప్పు గోల వదిలిపోద్ది. అరకు వెళ్ళేటప్పుడు ఎలాగూ పెట్రోల్ తాగుతుంది, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేయ్, శృంగవరపుకోట దాకా ఫ్రీగా వచ్చేస్తది.

ఆటోనగర్_అన్న:
కిట్టూ నీకు దండం పెడతాను, ఈ న్యూట్రల్ ముక్క ఇంకెవడికీ చెప్పకు.

గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలీస్తే ఇంజినే బండిని పట్టుకుంటది, ఇంజెక్షన్ బండి అయితే అప్పుడు పెట్రోల్ దాదాపు పోనే పోదు, న్యూట్రల్లోనే ఐడిలింగ్‌కి తాగుతాది. అంటే నీ లెక్క కూడా తప్పే. న్యూట్రల్లో దిగితే బరువంతా బ్రేకుల మీద పడతది, అనంతగిరి నుంచి కిందకి నొక్కుకుంటా నొక్కుకుంటా వస్తే ప్యాడ్లు కాలిన వాసన, తర్వాత పెడల్ మెత్తబడిపోద్ది. ఎక్కిన గేర్లోనే దిగాలి, మలుపుల్లో రెండు, మహా అయితే మూడు.

పెడల్ ఎందుకు మెత్తబడతదో కూడా చెప్తాను, కొత్తోళ్ళకి ఇది ముఖ్యం. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటది, డబ్బా మూత బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా ఏళ్ళ మీద పీల్చుకుంటానే ఉంటది. డాట్ 4 ఆయిలు కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, అదే తేమ పట్టినాక ఆ లెక్క 155కి పడిపోద్ది. ఘాట్‌లో బ్రేకులు కాగితే లోపల ఆయిలు మరిగి ఆవిరవుతాది, ఆవిరిని నొక్కితే నలుగుద్ది గాని బ్రేకు పట్టదు. కాలు నేలకంటా పోద్ది. మన ఊళ్ళో గాల్లో తేమ గురించి నేను చెప్పక్కర్లేదు. రెండేళ్ళకోసారి మార్చమని ఊరికే రాయలేదు పుస్తకంలో.

బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు వెనకాల గోడకి దగ్గర్లో తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటది, అందులో ఆయిలు లేత పసుపులో ఉందా డికాషన్‌లా నల్లగా ఉందా చూసి చెప్పు. మూత తీయక్కర్లేదు.

కోటింగ్ సంగతి, తుప్పు పట్టీసిన రేకు మీద నల్ల కోటింగ్ కొడితే తుప్పు లోపల హాయిగా పెరుగుతాది, పైకి కనపడదు, అంతే తేడా. ముందు కడిగి, గీకి, ప్రైమర్ వేసి అప్పుడు కొట్టాలి. అదైనా రేకు గట్టిగా ఉన్న బండికే.

కొత్తస్టీరింగ్:
సాయంత్రం కూర్చుని అన్నీ చూశా. టైర్ల నంబర్లు: ముందు రెండూ 2217, వెనక ఎడమది 2217, కుడిది 0919. స్టెప్నీ 4011. అసలు ఇవి ఏంటన్నా?

బ్రేక్ ఆయిల్ డికాషనే. స్టెప్నీ గొయ్యిలో కొంచెం నీళ్ళు, అడుగున తుప్పు, కానీ స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గట్టిగానే ఉంది, దిగలేదు. మామయ్యకి ఫోన్ చేస్తే హుద్‌హుద్‌కి బండి ఇక్కడే ఉందట, సెల్లార్లో ఉండబట్టి ఏమీ కాలేదన్నారు. అయస్కాంతం అన్నిచోట్లా పట్టింది.

ఆటోనగర్_అన్న:
మొదటి రెండంకెలు వారం, తర్వాత రెండు సంవత్సరం. 2217 అంటే 2017లో 22వ వారం తయారైంది. స్టెప్నీ 2011లో 40వ వారం, అంటే బండితో పాటు వచ్చిందే, నేల తగల్లేదు.

నువ్వు కొత్తవాటిలాగే ఉన్నాయన్నావు చూడు, అదే ఇక్కడ మోసం. బటన్ అరిగింది లేదు, ఎందుకంటే తిరగలేదు. రబ్బరు మాత్రం ఎండకీ ఉప్పుగాలికీ గట్టిపడిపోతది. బటన్‌కి చట్టం లెక్క 1.6 ఎంఎం, గాడిలో అడ్డంగా చిన్న మిట్ట ఉంటది, బటన్ దాని ఎత్తుకి వచ్చీసిందంటే టైరు అయిపోయినట్టు. నీవి ఆ పరీక్ష పాసే. వయసు పరీక్ష వేరు, అయిదేళ్ళు దాటితే ఏటా చూపించమని, పదేళ్ళు దాటితే బటన్ ఎంతున్నా తీసీమని టైరు కంపెనీలే చెప్తాయి. గాలి తీసి పక్క గోడ నొక్కి చూడు, సన్నటి బీటలు విచ్చుకుంటాయి. అలాంటి టైరు వేసుకుని ఎండలో హైవే మీద నలుగురు మనుషులతో వందలో పోతే ఏటవుద్దో నేను చెప్పను.

ఇంకోటి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి దిగి చూడు, ముందు టైరు లోపలి అంచు అప్పుడే కనపడతది. అలైన్‌మెంట్ పోయిన బండికి బయట నిండుగా ఉండి లోపలి అంచులో తీగలు తేలిపోయుంటాయి.

మధురవాడ_డ్రైవరమ్మ:
తమ్ముడూ నేను రోజూ మధురవాడ నుంచి గాజువాక తిరుగుతా, పాత బండే. అన్నగారు చెప్పినవాటికి ఒక్క ముక్క కలుపుతా, షెడ్డుకో సర్వీస్ సెంటర్‌కో వెళ్ళే ముందు బండితో వచ్చిన పుస్తకం డాష్‌బోర్డులోంచి తీసి చదువు, 46 వేలకి ఏం మార్చాలో, ఎన్ని నెలలకి మార్చాలో అందులో టేబుల్ ఉంటుంది. కొత్తగా కనపడితే చాలు, అందులోనూ ఆడపిల్ల అయితే ఇంకా చాలు, లిస్టు మొదలెడతారు. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ క్లీనింగ్, ఏసీ శానిటైజేషన్, టెఫ్లాన్, ఏదో యాడిటివ్ డబ్బా. ఒక చోట నాకు ఎయిర్ ఫిల్టర్ మార్చాం అని బిల్లు వేశారు, అక్కడే బాక్సు క్లిప్పులు తీసి చూపించా, పాత ఫిల్టరే, దాని మీద నేను మార్కర్‌తో పెట్టుకున్న తేదీ కూడా అలాగే ఉంది. మేనేజర్ వచ్చి సారీ మేడమ్ అంటాడు. అప్పట్నుంచి జాబ్ కార్డు మీదే రాయిస్తా, అదనపు పని ఏదైనా ఫోన్ చేసి అడిగాకే, తీసిన పాత సామాన్లు డిక్కీలో పెట్టాలి అని. సంతకం దాని కింద పెడతా.

ఆ ఎయిర్ ఫిల్టర్ అయితే మన ఊళ్ళో నిజంగానే తొందరగా నల్లబడుతుంది, పోర్టు వైపు, జ్ఞానాపురం వైపు తిరిగేవాళ్ళకి మరీ. ఏసీ ఫిల్టర్ కూడా. గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది చాలా కార్లలో, నీ చేతులతో నువ్వే మార్చుకోవచ్చు.

తర్వాత మీటర్ బోర్డు లైట్లు. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకుండా ఆగితే లైట్లన్నీ వెలగాలి, స్టార్ట్ చేశాక ఆరిపోవాలి. ఆరిపోవడం అందరూ చూస్తారు, అసలు వెలుగుతోందా అని ఎవరూ చూడరు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండికి ఆ లైటు మొదట కూడా వెలగట్లేదంటే ఎవరో దాన్ని పీకేసి ఉంటారు. నడుస్తుండగా ఎర్రది ఏదొచ్చినా, ఆయిల్ డబ్బా బొమ్మగానీ, టెంపరేచర్‌గానీ, పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యడమే, ఇంటిదాకా వెళ్ళిపోదాం అనుకోకూడదు. పసుపు ఇంజిన్ బొమ్మ అయితే కంగారులేదు, మెల్లగా షెడ్డుకి తీసుకెళ్ళు.

పాలసీ_బాబాయ్:
ఇంట్లో బండే కదా అన్నావు, ఇక్కడే కుర్రాళ్ళు ఇరుక్కుంటారు. సీ బుక్కులో ఎవరి పేరుంటే చట్టానికి వాళ్ళే ఓనరు, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, బండి చేతులు మారినా రికార్డులో పేరు మారకపోతే ప్రమాదం కేసులో నష్టపరిహారం బాధ్యత రికార్డులో ఉన్నవాడిదే అని. నువ్వు హనుమంతవాకలో ఎవరికైనా తగిలిస్తే నోటీసు హైదరాబాద్‌లో మీ మామయ్య ఇంటికి వెళ్తుంది. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30 మీద ఆయన సంతకాలు తీసుకో. ఇచ్చినాయన 14 రోజుల్లో ఆర్టీవోకి చెప్పాలి, తీసుకున్నవాడు 30 రోజుల్లో. అప్పుడు లోను తీసుకుని కొని ఉంటే బ్యాంకు పేరు సీ బుక్కులో ఇంకా ఉందేమో చూడు, ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 కూడా కావాలి, ఈ ఒక్క కాయితం లేక నెలలు తిరిగేవాళ్ళున్నారు. పాత ఈ-చలాన్లు ఏమైనా ఉంటే ముందే కట్టేయ్.

ఇన్సూరెన్స్ కూడా నీ పేరుకి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి. మార్చకపోయినా అవతలివాడి నష్టం వరకు పాలసీ పనిచేస్తుంది, నీ బండి డ్యామేజీకి మాత్రం నీకు రూపాయి రాదు. మామయ్య నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి వచ్చి ఉండొచ్చు, అది ఆయన సొంతం, బండితో పాటు నీకు రాదు, నువ్వు సున్నా నుంచి మొదలెట్టాలి. ఓనర్ డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది, అది తీసుకో. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే చట్టంలో జరిమానా మొదటిసారి 2000, రెండోసారి 4000, కానీ అసలు భయం జరిమానా కాదు.

కొత్తస్టీరింగ్:
బాబాయ్ ఇవన్నీ ఒరిజినల్స్ జేబులో పెట్టుకు తిరగాలా?

పాలసీ_బాబాయ్:
అక్కర్లేదు. డిజిలాకర్‌లోగానీ ఎంపరివాహన్‌లోగానీ ఉంటే చెల్లుతాయి. ఫోటో తీసి గ్యాలరీలో పెట్టుకున్నది చెల్లదు. పొల్యూషన్ సర్టిఫికెట్ నీది బీఎస్4 (పొగ ప్రమాణం) బండి అయితే ఏడాదికోసారి, బంకుల్లోనే చేస్తారు.

కంచరపాలెం_కిట్టు:
సరే న్యూట్రల్ మాట వెనక్కి. బ్లాక్ ఫిల్మ్, ఫాగ్ లైట్లకి ఏమంటారు పెద్దలు? అవీ వద్దంటే ఇంక కారెందుకు బాబూ, బస్సెక్కొచ్చు 😄

ఆటోనగర్_అన్న:
బ్లాక్ ఫిల్మ్ మీద సుప్రీంకోర్టు 2012లోనే కొరడా పట్టింది, ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలు. మద్దిలపాలెంలో ఆపి పీకిస్తే గమ్ము అద్దానికి అతుక్కుపోయి నువ్వే గోక్కోవాలి. రూలు పక్కనెట్టు, రాత్రి వానలో అడవివరం రోడ్డు మీద నల్లద్దంలోంచి పక్క నుంచొచ్చే మనిషి నీకు కనపడడు.

ఫాగ్ లైట్లు నాకు ఇష్టమే, కాపోతే వైరు కోసి అతికించే కుర్రాడి దగ్గర వేయించకు. రిలే, ఫ్యూజు పెట్టి సాకెట్లతో వేసేవాడి దగ్గరకెళ్ళు. స్టీరియో కూడా అంతే. పాత బళ్ళలో వైరింగ్ మంటలు ఎక్కువ ఈ అతుకుల దగ్గరే మొదలవుతాయి. ఎక్కువగా నిలబెట్టీసిన బండి కదా, ఎలకలు అద్దెకి దిగుంటాయి, ముందు బానెట్ లోపల వైర్లు కొరికీసున్నాయేమో చూసుకో.

ఎన్‌ఏడీ_నాయుడు:
2012 బండికి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోస్తే ఏమవుద్దో కూడా చెప్పండన్నా, మాదీ అదే వయసు.

ఆటోనగర్_అన్న:
బంకులో ఇప్పుడు దొరికేది అదే కదా, పొయ్యక తప్పదు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళు దానికి తగ్గ రబ్బరుతో వస్తన్నాయి, మనవి కావు. మైలేజీ కొంచెం తగ్గుద్ది. పెట్రోల్ పైపులు, ఓ-రింగులు ప్రతి సర్వీసులో వేలితో వంచి చూపించుకో, బీట ఉంటే మార్చీ. బండి దగ్గర పెట్రోల్ వాసన వస్తే రేపు చూద్దాం అనుకోకు. నెలల తరబడి నిలబెట్టీకుండా తిప్పుతా ఉంటే చాలు.

ఉక్కునగరం_పెద్దాయన:
వానల ముందు ఒక మాట. చావులమదుం లాంటి చోట్ల నీళ్ళు నిలిచి బండి మధ్యలో ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టవద్దు బాబూ. ఇంజిన్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే పిస్టన్ నీటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, అక్కడితో ఇంజిన్ దింపాల్సిందే. తోసుకుని బయటికి తెచ్చి తాళం తీసేసి మెకానిక్‌ని పిలవండి. బానెట్ తుడిచి ఒకసారి కొట్టి చూద్దాం అనే ఆ ఒక్కసారికే పోతుంది.

బీచ్ వైపు వెళ్ళొచ్చినప్పుడు కింద భాగం మంచినీళ్ళతో కడగండి. షాంపూ పైకే చాలు. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వేడినీళ్ళు పోసి బ్రష్ చేసి వాజలీన్ రాయండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మీటర్‌తో 12.6 వోల్టులు చూపిస్తే బాగున్నట్టు, స్టార్ట్‌లో 14 చుట్టుపక్కల ఉండాలి.

మధురవాడ_డ్రైవరమ్మ:
గాలి సంగతి ఎవరూ చెప్పలేదు. బంకు కుర్రాడు ఎంతన్నా 35 కొడతా అంటాడు. డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, నీ బండికి ఎంతో అందులో ఉంటుంది, ఇద్దరున్నప్పుడు ఎంత, నిండుగా ఉన్నప్పుడు ఎంత అని. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ఎప్పుడూ తిప్పకు, పక్కన ప్లాస్టిక్ డబ్బాలో గీతల మధ్య కూలెంట్ ఉంటే చాలు. కుళాయి నీళ్ళు పోయకు. ఇంజిన్ ఆయిల్ బండి చదునుగా ఆపి కాసేపయ్యాక పుల్ల తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడు, మొదటిసారి తీసినప్పటి గుర్తు లెక్కలోకి రాదు.

మోడరేటర్:
సబ్జెక్ట్ బాగుంది, పిన్ చేస్తున్నా. 16 ఏళ్ళ తమ్ముడికి స్టీరింగ్ ఇవ్వొచ్చా అని కింద అడిగిన పోస్ట్ తీసేశాను. మైనర్ నడిపితే బండి ఇచ్చిన పెద్దవాళ్ళకి 25000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, 2019 సవరణ చట్టంలో ఉంది. దీని మీద ఇంక చర్చ వద్దు.

కొత్తస్టీరింగ్:
అప్‌డేట్. అరకు క్యాన్సిల్ చేశా, ఫ్రెండ్స్ రెండు రోజులు తిట్టి రైల్లో వెళ్దాం అన్నారు. స్టీరియో, సీట్ కవర్ల డబ్బులు తీసి నాలుగు టైర్లు, అలైన్‌మెంట్, బ్రేక్ ఆయిల్ చేయించా. ముందు ప్యాడ్లు బాగానే ఉన్నాయట. డిస్కుల మీద తుప్పు రెండు రోజులు తిరిగేసరికి పోయింది, అంచులో కొంచెం గట్టులా మిగిలింది, అది పర్లేదన్నాడు. వెనక డ్రమ్ములు ఊడదీసి శుభ్రం చేశాక హ్యాండ్ బ్రేక్ రెండు క్లిక్కులు పైనే పట్టేస్తోంది, ఇంతకుముందు ఎంత లాగినా ఇంకా వచ్చేది. బ్రేక్ పెడల్ అయితే వేరే బండిలా ఉంది, గట్టిగా పైనే అందుతోంది. మామయ్య దసరాకి వస్తారు, ఫారాల మీద సంతకాలు అప్పుడే, అందాకా బయటికి దూరం తీయను. బ్లాక్ ఫిల్మ్ వదిలేశా.

పాత టైర్లు షాపులోనే వదిలేయమన్నాడు, ఒక్కోదానికి కొంత ఇస్తానన్నాడు. వదిలేయనా?

ఆటోనగర్_అన్న:
ఎందుకు కొంటాడో ఆలోచించు. బటన్ నిండుగా ఉన్నాది కదా, నల్ల పాలిష్ కొట్టీసి సెకండ్ హ్యాండ్ అని ఇంకో కుర్రాడికి అంటగడతాడు. నీ కళ్ళ ముందే పక్క గోడ కోయించీ రా. 0919ది ఒక్కటీ స్టెప్నీగా ఉంచుకో, అదీ షెడ్డు దాకా మెల్లగా పోడానికే, ఈ ఏడాదిలో మార్చీ.

కొత్తస్టీరింగ్:
ఇప్పుడే వెళ్ళొచ్చా. కోయమంటే మొహం అదోలా పెట్టాడు, డబ్బులేమీ రావు మరి అన్నాడు. సరే అన్నా. నాలుగూ కోశాడు, 2011 దాన్తో సహా.

ఆటోనగర్_అన్న:
మంచిది. స్టెప్నీలో గాలి కూడా నెలకోసారి చూసుకో, జాకీ, వీల్ స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేవో చూసి, ఇంటి ముందే ఒకసారి టైరు ఊడదీసి బిగించు. నట్లు షాపోడు గన్‌తో బిగించుంటాడు, చేత్తో వదులవుతాయో లేదో ఇప్పుడే తెలియాలి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఓసారి బిగించుకో.